బొమ్మ పడిన ఇల్లే పడాలట!

1896 జులై 7న, రూపాయి టికెట్టుతో మన దేశంలో తొలి బొమ్మ పడింది ముంబయి వాట్సన్స్ హోటల్లో. 2019లో ఆ ఇల్లే పడాలన్నారు! ఆ ఏడాదే హైకోర్టు ఖాళీ చేయమంది. ఐఐటీ బాంబే నిపుణులు కూల్చమంటే, మరికొందరు ఇంజినీర్లు బాగుచేయొచ్చన్నారు. ఇంగ్లండులో పోతపోసిన ఇనుప స్తంభాలను, దూలాలను ఓడల్లో తెచ్చి ఇక్కడ బిగించిన కట్టడమిది. ముక్కలుగా వచ్చినదాన్ని ముక్కముక్కగా బాగుచేయలేమా?

'ముందు ప్రాణాలు కదా' అంటారు. నిజమే, 2005లో కొంత భాగం కూలి ఒకరు చనిపోయారు. కానీ ప్రమాదం తెచ్చింది ముసలితనం కాదు, ఆలనాపాలనా లేకపోవడం. 'ఖర్చెవరిది?' అంటారు. కూల్చివేతేమైనా ఉచితమా? ఆ కూలిన నాటి నుంచి రాముడి వనవాసమంత కాలం, పద్నాలుగేళ్లు రోగాన్ని ముదరనిచ్చి, చివరికి పాడె కట్టమనడం ఏం వైద్యమో!