బారుసంచి పద్యం: టీకా తాత్పర్య సహితం

తేటగీతి

పొడవు చూడక కొన్నట్టి పొట్టివాని
పాదమానక మిగిలిన బారుసంచి
వేడినీయదు, వాడె తా వేడినిచ్చి
దాని గాచుచు తెల్లార్లు తాను వణకు.

అవతారిక: ఉత్తరాఖండ్‌లో సాంక్రి అనే ఊరు. అక్కడి నుంచి 12,500 అడుగుల కేదార్‌కంఠకు డిసెంబరు మంచులో నడిచే గుంపుల్లో మన హైదరాబాదు, విశాఖ పిల్లలు తక్కువేమీ కాదు. పదిహేను డిగ్రీలకే మంకీ క్యాపు బయటికి తీసే జాతి మనది. ఆ జాతి నాయకుడొకడు, ఉష్ణోగ్రత సున్నాకు కిందికి దిగిన రాత్రి, గుడారంలో తన స్లీపింగ్ బ్యాగు గురించి చేసుకున్న విలాపమిది. కవి పేరు తెలియదు. ఒడ్డూ పొడుగూ మాత్రం పద్యమే చెబుతోంది.

ప్రతిపదార్థం: పొడవు చూడక కొన్నట్టి = రంగు చూసి, డిస్కౌంటు చూసి, ట్యాగు మీది ‘మైనస్ పది’ చూసి, కొలత ఒక్కటీ వదిలేసి కొన్న; పొట్టివాని = అయిదడుగుల మూడంగుళాల వాని (బూట్లతో నాలుగు) యొక్క; పాదము + ఆనక = అరికాలు సంచి అడుగుకు తగలక; మిగిలిన = జానెడు మేర ఖాళీగా ఉండిపోయిన; బారుసంచి = ఆరడుగుల వాడికి సరిపోయేలా కుట్టి, ‘రెగ్యులర్’ అని పేరు పెట్టిన సంచి; వేడిన్ + ఈయదు = వెచ్చదనం ఇవ్వదు; వాడె = డబ్బులిచ్చిన ఆ మనిషే; తా వేడినిచ్చి = రాత్రి తిన్న పప్పన్నం తాలూకు వేడిని ధారపోసి; దానిన్ + కాచుచు = ఆ సంచిని వెచ్చబెడుతూ; తెల్లార్లు = శిఖరానికి బయల్దేరదీసే గైడు చీకటితోనే వచ్చి లేపేదాకా; తాను వణకు = స్పష్టం.

తాత్పర్యం: సంచి మనల్ని వెచ్చబెట్టదు. మన వేడిని మన దగ్గర నిలబెడుతుంది, అదీ ఒంటికి సరిపడితేనే.

విశేషాలు: సంచిలో కూరిన ఈకల నడుమ కదలకుండా ఆగిన గాలే చలిని అడ్డుకుంటుంది. కాళ్ల దగ్గర ఖాళీ ఉంటే ఆ గాలినీ ఒళ్లే వెచ్చబెట్టాలి. పైగా చలిలో శరీరం చేతులకూ కాళ్లకూ రక్తం తగ్గించి గుండెకాయను కాపాడుకుంటుంది. అంటే వేడి అన్నిటికంటే తక్కువ అందే పాదాల దగ్గరే ఈ అదనపు ఖర్చు. కోరి చేసిన పని కోరని ఫలమిచ్చింది గనుక విషమాలంకారం. కవి గణాలు సరిగ్గానే లెక్కపెట్టాడు, అంగుళాలే మరిచాడు.

ఇక్కడ దుకాణదారుడి పూర్వపక్షం: “ట్యాగు మీద మైనస్ పది ఉంది కదండీ!” సమాధానం. ఐఎస్‌ఓ 23537 ప్రకారం ఆ అంకెలు తేల్చేది ఒక బొమ్మ. దానికి లోదుస్తులూ సాక్సులూ తొడిగి, కింద మ్యాటు వేసి, సంచిలో పడుకోబెట్టి, చర్మం వెచ్చగా ఉంచడానికి ఎంత కరెంటు తాగిందో కొలుస్తారు. అందులోంచి మూడు అంకెలు లెక్కగడతారు. ‘కంఫర్ట్’ అన్నది ఒక సగటు స్త్రీ హాయిగా నిద్రపోగల హద్దు. ‘లిమిట్’ అన్నది ఒక సగటు పురుషుడు ముడుచుకుని నెట్టుకురాగల హద్దు. ‘ఎక్స్‌ట్రీమ్’ అన్నది నిద్రకు సంబంధించిన అంకే కాదు, ప్రాణానికి సంబంధించినది. పెద్దక్షరాల్లో అచ్చయినది ఏదో చూడకుండా మురిసేవాణ్ణి వ్యాఖ్యాత ఏమీ చేయలేడు. ఏ అంకె అయినా సరే, మ్యాటు ఉన్నప్పటి మాట. ఒంటి బరువుకు వీపు కింది ఈకలు ఎలాగూ నలిగి చదునవుతాయి కాబట్టి, కింది చలిని ఆపేది మ్యాటే. మంచు మీదైతే దాని ఆర్-వాల్యూ (చలినాపే సత్తాను చెప్పే అంకె) 5 దగ్గరైనా ఉండాలి.

“సరే, ఇరుకు సంచి కొంటాను” అనే అత్యుత్సాహికి కూడా ఇదే శాస్త్రం. భుజమో మోకాలో లోపలి నుంచి నొక్కితే అక్కడ ఈకలు అణగి, సరిగ్గా ఆ చోటే చలి గుచ్చుతుంది. పొడుగువాడి బొటనవేళ్ల గతీ అంతే. కాబట్టి పొడవొక్కటే కాదు, భుజాల చుట్టుకొలత కూడా చూడాలి. లోపల స్వెట్టరు వేసుకునే అలవాటుంటే ఆ స్వెట్టరుతోనే చూడాలి. ఆడవాళ్ల కోసం కుట్టినవి పొట్టిగా, భుజాల దగ్గర సన్నగా, తుంటి దగ్గర వెడల్పుగా ఉంటాయి. అవి నప్పే మగవాళ్లూ ఉన్నారు, అడగడానికి మొహమాటపడతారంతే.

పరీక్ష దుకాణంలోనే జరగాలి. అయిదు వందల చెప్పులకు కొట్టంతా నడిచి చూసే మనం, వేలు పోసే సంచిలో ఒక్కసారి పడుకోవడానికి సిగ్గుపడతాం. పడుకోవాలి. జిప్పు పైదాకా లాగి, సంచి తలభాగం బిగించి, చేతులు కట్టుకుని, పక్కకు తిరగాలి. వేళ్లు అడుగుకు ఆనీ ఆననట్టుండాలి. సేల్స్‌మన్ నవ్వితే నవ్వనివ్వండి, కేదార్‌కంఠకు అతను రాడు.

పాఠాంతరం: ‘బారుసంచి’కి బదులు ‘అద్దెసంచి’ అని కొందరు చదువుతారు. గణం కుదిరింది గాని యతి చెడింది, అగ్రాహ్యం. అయితే అర్థం చెడలేదు. అద్దె సంచులు చాలావరకు ఒకే కొలతలో వస్తాయి, ఎంచుకునే భాగ్యం ఉండదు. అప్పుడు మర్నాటి పొడి బట్టలు, జాకెట్టు కాళ్ల దగ్గర కుక్కితే ఖాళీ నిండుతుంది, లేచేసరికి అవీ వెచ్చగా ఉంటాయి. తడి సాక్సులు మాత్రం కుక్కరాదు. వాటి తేమ ఈకలకెక్కితే అవి ముద్దకట్టి, ఈ పద్యం పొడుగువాళ్లకూ వర్తిస్తుంది.