‘లోపలంతా వేదాంతమండీ’: సటీక తాత్పర్యము

మూలము: “పైకి ప్రేమపాటే గాని, లోపలంతా వేదాంతమండీ.”

అవతారిక. 1973లో ముఖ్యమంత్రియైన జలగం వెంగళరావుగారిని శాసనసభకు పంపిన నియోజకవర్గ మొకనాడు మా వేంసూరు పేరనే యుండెను. 1978 నాటికి ఆ పేరు సత్తుపల్లికి పోయినది. మేము సత్తుపల్లి బస్సుకై సెంటరులో టీకొట్టు బల్లమీద మిగిలితిమి. అచ్చట నెవరిదో సెల్‌ఫోనులో మాయాబజారు పడవపాట మ్రోగుచుండగా, ఉద్యోగవిరమణ చేసిన యొక పంతులుగారు నాకు సెలవిచ్చిన మహావాక్యమిది. పడవ దేహమట, నీరు సంసారమట, చంద్రుడు మనస్సట, అందున్న యిరువురును జీవాత్మ పరమాత్మలట. ఆ వెన్నెలను తెరపై కురిపించిన మార్కస్ బార్ట్లేకు దీపముల లెక్క తెలియును గాని యీ లెక్క తెలిసినట్లు వినలేదు. ఆ పడవనే కృష్ణరుక్మిణులును ఎక్కుదురు గదా, అద్వైతమున నింతమందికి చోటెక్కడిదని నేనడుగబోవు లోపల నాయన రెండవ టీకి చెప్పెను.

పదవిభాగము సులభము గనుక విడిచితిని.

“లోపల” అనగా నెచ్చట? ఇచ్చట మల్లినాథసూరిని తలంపక తప్పదు. మెదకుసీమ కొలిచెలమ వాడైన యా మహానుభావుడు, కాళిదాసుని వాణి దుర్వ్యాఖ్యలనెడు విషముచే మూర్ఛిల్లినదని వాపోయి తన టీకకు సంజీవని యని పేరిడెను. మూలమున లేనిది వ్రాయనని, అక్కరలేనిది పలుకనని ప్రతిన పట్టెను. అన్వయము చెప్పును, సమాసము విడదీయును, వలసినచోట పాణినిని పిలుచును, నిఘంటువు చూపును, ప్రక్కకు తొలగును. మేఘసందేశమునకు మాత్రము, సీతకు రాముడు హనుమంతునిచే పంపిన సందేశమును మనస్సున నిడుకొని కవి దీనిని రచించెనని యొక లోపలి సంగతి చెప్పినాడు; చెప్పి, వెంటనే “అని యందురు” అని చేర్చినాడు. ఎంతటి మర్యాద! దర్శనములు చదివినవాడు, తలచెనేని యక్షుని జీవునిగను, అలకాపురిని మోక్షముగను, మేఘుని సద్గురువుగను నిరూపించి పుటలకు పుటలు నింపగలవాడు, “అని యందురు” అను రెండు మాటలతో చేతులు కడిగికొని, యక్షుని భార్యను యక్షునికే విడిచిపెట్టెను. ఆ రెండు మాటలను నేను బాల్యమున చదివినపుడు దాటిపోతిని. ఇపుడు టీకొట్టు బల్లమీద గుర్తువచ్చి కన్ను చెమ్మగిల్లినది. పంతులుగారిని మరచితిని, క్షంతవ్యుడను.

పంతులుగారి ప్రమాణములు రెండు. పాట వ్రాసినది పింగళి నాగేంద్రరావు. ప్రతి పద్యమునను రామాయణ భారతములు రెండును పలుకునట్లు రాఘవపాండవీయము వ్రాసినది పింగళి సూరన. కావున ఇంటిపేరుతోపాటు ద్వ్యర్థియు వంశములో దిగినదని మొదటిది. సూరన రెండర్థములును తానే పొదిగి, ఆ సంగతి నవతారికలోనే చాటెను గాని, టీకొట్టులో బయటపడుటకై దాచిపెట్టలేదు. నాగేంద్రరావుగారి విద్య వేరు: తసమదీయులను మాటను పుట్టించి, వ్యాకరణ మెరుగని పిల్లవానికిని అర్థమగునట్లు చేయుట. పల్లవి పలుమారు వచ్చుట రెండవ ప్రమాణము. అభ్యాసము తాత్పర్యలింగమని మీమాంసకులు చెప్పిరి గదా యని. పల్లవి మరల వచ్చుట బాణీ కోరుట వలననని చెప్పినచో మీమాంస కవమానమేమో.

“పైకి” అను పదము మిగిలినది. నా బాధ యిచ్చటనే. 1957లో వచ్చిన యా చిత్రకథకు వ్యాసభారతమున మూలము లేదు. అందు అభిమన్యుడు ఉత్తరను పెండ్లాడునే గాని శశిరేఖ యను పిల్లయే కానరాదు. ఆమెను కల్పించుకొన్నది జనులు. కల్పించి పైకేమి చెప్పిరి? మేనత్త కొడుకున కిత్తుమన్న పిల్లను, పాండవులు జూదమున సర్వమును పోగొట్టుకొనగానే, తల్లిదండ్రులు మాట తప్పి దుర్యోధనుని కొడుకునకు నిశ్చయించిరని చెప్పిరి. ఈ యర్థమునకు నిఘంటువక్కరలేదు. మొన్న వేసవిలో మా ప్రక్కనే మేనల్లునికి అనుకొన్న పిల్లను పామాయిలు తోట గల సంబంధమునకు మార్చినపుడు, ఆ పిల్ల యరుగుమీద కూర్చుండి యేడ్చుచుండగా, పెద్దమనిషిగా వచ్చి తాంబూలముల ముహూర్తము పెట్టినవారు ఈ పంతులుగారే. పడవలోని పిల్ల జీవాత్మయైనచో ఎవరికిని చిక్కు లేదు. జీవాత్మ కెకరములతో పనిలేదు, అది యరుగుమీద కూర్చుండి యేడ్వదు. ఆమె శశిరేఖయే యైనచో ఆ వేసవి సంగతి గుర్తురాక మానదు.

ఇక “అండీ” యనునది. ఇది చూపులకు గౌరవార్థకము, ప్రయోజనమున ప్రశ్ననిషేధకము. మల్లినాథుని “అని యందురు” వినువానికి తలుపు తెరచి యుంచును. ఈ “అండీ” ఆ తలుపు మూసి గడియ వేయును. ఆ పిల్లను గూర్చి యడుగుటకు నేను నోరు తెరచిన మాట నిజము. “అవునండీ” యంటిని. టీ డబ్బు లాయనే యిచ్చెను.