అరుగు మీద లెక్కలు

"మీ ఇంట్లో నెలకి ఉప్పు ఎంత పడుతుంది?" అని అడగడం కూడా ఒక ఉద్యోగమేనంటే మా మామగారు కడదాకా నమ్మలేదు. సెంట్రల్ గవర్నమెంటు అని విని పిల్లనిచ్చాడు గానీ, ఆ గవర్నమెంటు అల్లుణ్ణి ఊళ్లమ్మట తిప్పి వంకాయల లెక్క రాయిస్తుందని తెలిశాక కాస్త చప్పబడ్డాడు. పోస్టాఫీసులో గుమాస్తా అయినా పోనీ నలుగురికీ చెప్పుకోవడానికి బాగుండేదని ఆయన బాధ.

నేషనల్ శాంపిల్ సర్వే మాది. 1950లో గణాంకవేత్త మహలనోబిస్ గారు మొదలుపెట్టించిన వ్యవహారం. దేశంలో పేదలెందరు, ధరల సూచికలో బియ్యానికి ఎంత వాటా ఇవ్వాలి, పెట్రోలుకి ఎంత ఇవ్వాలి, ఇలాంటి పెద్ద పెద్ద వాటన్నిటికీ అడుగున ఉండేది ఎవరో ఒక ఇల్లాలు మాకు చెప్పిన ఉప్పూ పప్పూ లెక్కే. ఢిల్లీలో మహానుభావులు టీవీల ముందు కూర్చుని దశాంశ స్థానాల మీద కొట్టుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. ఆ దశాంశం ఏ గోదావరి లంకలో, ఏ సోలతో కొలిస్తే పుట్టిందో వాళ్లకేం తెలుసు?

నేను చేరేసరికి 32వ రౌండు నడుస్తోంది, 1977-78. ట్రంకు పెట్టెలో షెడ్యూళ్లనే ప్రశ్నపత్రాల కట్టలు, కార్బన్ కాయితాలు, ఒక జత బట్టలు. బస్సు ఆఖరు స్టాపు దాకా వెళ్లి, అక్కణ్ణించి కాలినడక. ఊరు చేరగానే ముందు జాబితా. ఒక్క గడప వదలకుండా ఊరంతా తిరిగి రాసుకోవాలి, దానికి షెడ్యూల్ 0.0 అని పేరు. పెద్ద ఊరైతే పేటల వారీగా ముక్కలు చేసి, అందులోంచి ముక్కలు ఏరుకోవాలి. ఆ పైన యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక తీసి, ఏయే ఇళ్లు పడ్డాయో గుర్తుపెట్టుకుని, అప్పుడు ఖర్చుల షెడ్యూల్ 1.0 పట్టుకుని ఆ గడపలు ఎక్కాలి. నీకు నచ్చిన ఇల్లు, మజ్జిగ ఇచ్చే ఇల్లు అని ఎంచుకోవడానికి లేదు. ప్రెసిడెంటు గారి ఇల్లు శాంపిల్లో పడకపోతే ఆయనకి నామోషీ. పడితే అనుమానం. రెండూ మనమే పడాలి.

ఇక అడగడం. "బియ్యానికి ఎంత ఖర్చవుతుంది?" అని అడిగేవాడు మొదటి రోజే దొరికిపోతాడు. మగాడు అరుగు మీద కాలు మీద కాలేసుకుని ఏదో ఒక అంకె విసిరేస్తాడు. అది ఊరి పరువుకి సంబంధించిన అంకె, వంటింటికి సంబంధించింది కాదు. "అమ్మా, పూటకి ఎన్ని సోలలు పొయ్యి మీద పెడతావు?" అని గుమ్మం వైపు తిరిగి అడగాలి. లోపల్నించి జవాబొస్తుంది. "రెండు సోలలండి, పాలేరు తినే పూట మూడు." ఇంకేం, పాలేరు కూడా లెక్కలోకి వచ్చేశాడు. ఆ సోల తెప్పించి, నిండా బియ్యం పోయించి, కోమటి కొట్టు దగ్గర తూకం వేయించేవాణ్ణి. ఊరికో కొలత మరి. సోల అన్నదల్లా ఒకే సోల కాదు, తవ్వ అన్నదల్లా ఒకే తవ్వ కాదు. ఆ తూకం ప్రకారం కిలోల్లోకి మార్చి రాస్తే అది లెక్క.

పెరట్లో కోసుకున్న ములక్కాడలు ఖర్చా కాదా అని మా బ్యాచ్‌లో పెద్ద వాదన నడిచింది. ఖర్చే. డబ్బు పెట్టకపోయినా తిన్నారు కదా. సొంత పంటకి పొలం దగ్గర పలికే ధర కట్టి రాయాలి. ఏరుకొచ్చిన పుల్లలకీ అంతే, ధర కట్టాలి. పండక్కి అల్లుడొచ్చి మెక్కిన అరిసెలు అత్తగారి ఇంటి లెక్కలోకి వస్తాయి, అల్లుడి లెక్కలోకి కాదు. వండిన ఇంటిదే ఖర్చు. ఈ సూత్రం మా ఆవిడకి చెబితే "మీ గవర్నమెంటుకి ఇన్నాళ్లకి ఒక్క న్యాయమైన మాట తోచింది" అంది.

చుట్టా, బీడీ, కల్లూ, సారా వచ్చే బ్లాకు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఇంటావిణ్ణి వదిలేసి యజమానిని చెరువు గట్టు దాకా నడిపించుకెళ్లేవాణ్ణి. ఇంటి ముందు చెప్పే బీడీల సంఖ్య వేరు, గట్టు మీద చెప్పేది వేరు. 1995లో మద్యనిషేధం వచ్చాక గట్టు మీదా నోరు పెగలడం మానేసింది. రాష్ట్రమంతా ఒక్క రాత్రిలో ఋషులైపోయారు. కాయితం మీద.

ఇంత చేసినా అసలు తగువు ఒకటుంది, అది జ్ఞాపకం తగువు. ఎన్ని రోజుల సంగతి అడగాలి? వారం రోజులదా, నెలదా? మహలనోబిస్ గారి కాలంలోనే దీన్ని పరీక్షించారు. బెంగాల్ పల్లెల్లో ఇళ్లలో వాడేది తూచి చూసుకుని, జనం నోటి లెక్కతో పోల్చారు. నెల లెక్కే నిజానికి దగ్గరగా ఉందని తేల్చి, 30 రోజులని ఖాయం చేశారు. మేం అదే పట్టుకుని ఏళ్ల తరబడి నడిపాం. ఆ తర్వాత 1999-2000లో, 55వ రౌండులో, పైవాళ్లకి ఒక బుద్ధి పుట్టింది. తిండి సరుకులకి 7 రోజులూ 30 రోజులూ పక్కపక్క గడుల్లో ఒకే ఇంటిని అడగమన్నారు. వారంలో రెండు కిలోల టమాటాలు అన్న మనిషి, నెలకి నాలుగు కిలోలు అని ఎలా అంటుంది? చేతి వేళ్ల మీద లెక్కేసి ఎనిమిది అంటుంది. ఒక గడి రెండో గడిని లాక్కుపోయింది. ఆ రౌండులో పేదరికం 26.1 శాతమని తేలితే, నిజంగా తగ్గిందా, గడుల మహిమా అని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి పుస్తకాల మీద పుస్తకాలు రాసుకున్నారు. మమ్మల్ని ఒక్క మాట అడిగితే మొదటి వారంలోనే చెప్పేవాళ్లం.

ఇప్పుడు కూరలు, పళ్లు, నూనె, గుడ్లు, చేపలు, మాంసం 7 రోజులకి, బియ్యం పప్పులు 30 రోజులకి, బట్టలూ మంచాలూ ఫ్రిజ్‌లూ 365 రోజులకి అడుగుతున్నారు. పైగా ఒకే ఇంటికి మూడు నెలల్లో మూడుసార్లు వెళ్తారు. తిండి ఒకసారి, వాడుక సరుకులూ సేవలూ ఒకసారి, మన్నిక సామాన్లు ఒకసారి. 2011-12లో 347 ఉన్న సరుకుల జాబితా 2022-23కి 405 అయింది. ఈ ఏర్పాటు మంచిదేనని ఒప్పుకుంటాను, ఒక్కసారే కూర్చోబెట్టి అన్నీ అడిగితే సగం దాటాక ఏ ఇల్లాలైనా "అంతేనండి, అంతేనండి" అనే అంటుంది. కానీ మూడుసార్లు వెళ్లడానికి మొదట ఒక్కసారైనా లోపలికి రానివ్వాలి కదా!

మా మేడమీద పోర్షన్లో ఉండే కుర్రాడు మా నేషనల్ శాంపిల్ సర్వేకే కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. చేతిలో టాబ్లెట్, మెడలో కార్డు. వాడి కష్టాలు వింటుంటే జాలేస్తుంది, కోపమూ వస్తుంది. హైదరాబాదులో కారున్న ఇళ్లు వేరుగా, అందులో పది లక్షలు దాటిన కారున్న ఇళ్లు మరీ వేరుగా పెట్టి శాంపిల్ తీస్తున్నారట, సంపన్నులు జారిపోకుండా. ఆలోచన బాగుంది. ఆ కారున్న ఇంటికి గేటుంది, గేటుకి వాచ్‌మన్, వాచ్‌మన్ చేతిలో ఫోను. ఫోన్లో "అవసరం లేదు" అని జవాబు. మా రోజుల్లో కుక్క ఒక్కటే అడ్డు. లోపలికి వెళ్లినా "ఓటీపీ అడుగుతారా?" అని మొదటి ప్రశ్న, "ఏ పథకానికి?" అని రెండోది. తెలంగాణలో 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే చేశారు, పొరుగు రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు కూడా బళ్లెక్కి వచ్చి పేర్లు రాయించుకున్నారు. 2024లో మళ్లీ ఇంటింటి సర్వే. జనం దృష్టిలో సర్వే అంటే ఏదో ఇచ్చేది, లేదా ఉన్నది ఊడగొట్టేది. "మీ పేరు బయటికి రాదు, మీకు ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు" అంటే నమ్మే మనిషి అప్పుడూ తక్కువే, ఇప్పుడు మరీ కరువు.

సోల పోయింది. దాని స్థానంలో 26 కిలోల బస్తా వచ్చింది. పాతిక కిలోల దాకా ఉన్న ప్యాకెట్ల మీద 2022లో జీఎస్టీ పడింది కాబట్టి ఒక కిలో ఎక్కువ పోసి అమ్ముతున్నారు. ఇంటావిణ్ణి అడిగితే పాత అలవాటు కొద్దీ పాతిక అనే చెబుతుంది. పాలు ఒక యాప్‌లో, కూరలు ఇంకో యాప్‌లో, బిర్యానీ కొడుకు ఫోన్లో, సినిమా కూతురి ఫోన్లో. వెనకటికి ఒక్క గుమ్మం వైపు తిరిగి అడిగితే ఇంటి ఖర్చంతా తెలిసేది, ఇప్పుడు ఒకే ఇంట్లో నలుగురు గుమాస్తాలు, ఒకరి పద్దు ఒకరికి తెలీదు.

టాబ్లెట్‌ని తిట్టుకుంటాను గానీ ఒక సంగతి చెప్పక తప్పదు. ఇద్దరున్న ఇంట్లో నెలకి ముప్ఫై కిలోల పంచదార అని కొడితే అది అక్కడే ఎర్రజెండా చూపిస్తుందట. మా కాలంలో ఆ ముప్ఫై కిలోలు పరిశీలనకి వెళ్లి, ప్రశ్నగా మారి, పోస్టులో తిరిగొచ్చేసరికి ఆ ఊరి పేరు కూడా మర్చిపోయేవాళ్లం. ఫలితాల సంగతి సరేసరి. ఇప్పుడు 2024 జులైలో ముగిసిన సర్వే అంకెలు ఆ డిసెంబరుకే వచ్చేశాయి. నెలకి తలసరి ఖర్చు ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 5,327 రూపాయలు, పట్నాల్లో 7,182. తెలంగాణలో 5,435, 8,978. దేశం మొత్తం మీద పల్లెలు 4,122, పట్నాలు 6,996. మనవాళ్లు రెండు చోట్లా దేశం సగటు కంటే పైనే ఉన్నారు, సంతోషం. అందులో అడిగే పద్ధతి మారడం వల్ల పెరిగిందెంత, నిజంగా పెరిగిందెంత అని అడిగితే మాత్రం ఎవరూ సూటిగా చెప్పరు. 2011-12 అంకెల పక్కన వీటిని పెట్టి చప్పట్లు కొట్టేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. అప్పటి పద్ధతి వేరు, ఇప్పటి పద్ధతి వేరు.

ఆ రెంటికీ నడుమ 2017-18లో ఒక సర్వే జరిగిందని ఎందరికి గుర్తుంది? పల్లెల్లో ఖర్చు తగ్గిందని పత్రికకి పొక్కింది, 2019 నవంబరులో ప్రభుత్వం నాణ్యత బాలేదని నివేదికని పక్కన పెట్టేసింది. బాలేకపోతే బాలేదని చూపించి తిట్టండి. ఎండలో తిరిగి రాసుకొచ్చిన పిల్లల కాయితాలవి. పదకొండేళ్లపాటు దేశం ఏం తింటోందో దేశానికి తెలియకుండా పోయింది.

ఇప్పుడు ఖర్చు చాలదట, ఆదాయం కూడా అడుగుతారట. మేం అడగలేదా? యాభైల్లో, అరవైల్లో కొన్ని రౌండ్లలో అడిగి చూశారు. జనం చెప్పిన ఆదాయం వాళ్ల ఖర్చూ పొదుపూ కలిపిన దానికంటే తక్కువ తేలింది. రాబడి లేకుండానే దేశం తిని, దాచుకుంటోందన్నమాట. అక్కడితో వదిలేశారు. మళ్లీ 2025లో ఆదాయ సర్వే చేస్తామని ప్రకటించి, ఆర్థికవేత్త సుర్జీత్ భల్లా అధ్యక్షతన నిపుణుల బృందాన్ని వేశారు. ముందుగా కొన్ని ఇళ్లలో అడిగి చూస్తే 95 శాతం మంది ఇవి చెప్పుకోలేని సంగతులన్నారట. అదేం కొత్త? ఉప్పెంత అంటే చెప్పే మనిషి జీతమెంత అంటే గొంతు తగ్గిస్తాడు, భూమి మీద వచ్చేదెంత అంటే "వస్తే కదండీ" అంటాడు.

మేడమీద కుర్రాడు మొన్న ఆదివారం దిగొచ్చి, "తాతగారూ, ఆదాయం ప్రశ్నలు సాధన చేసుకోవాలి, మిమ్మల్నే అడిగి చూస్తానండీ" అన్నాడు. అరుగు మీద కూర్చోబెట్టి, ఎలా అడగాలో పాఠం చెప్పాను. తిన్నగా ఆదాయమెంత అనకు, చీటీ ఎంత కడుతున్నారో, బంగారం తాకట్టు వడ్డీ ఎంతో ముందు కనుక్కో అన్నాను. వాడు బుద్ధిగా రాసుకుని, "మరి మీకు నెలకి ఎంతొస్తుందండీ?" అన్నాడు. పెన్షన్ చెప్పాను. "ఇంకేమైనా?" అన్నాడు. పొలం ఎప్పుడో అమ్మేశాం, ఇంకేముంటుంది నాయనా అన్నాను. మేడమీద పోర్షన్ అద్దె సంగతి మాత్రం ఎత్తలేదు. నెలనెలా అది కట్టేది వాడే.