ఉండి, రండ్, మూండ్

కరీంనగర్‌ల మా వాడకట్టుకు లెక్కల సారు అంటే ఇప్పటికీ నేనే. ముప్పై నాలుగేండ్లు హైస్కూల్ల లెక్కలు చెప్పి రిటైరైన. ఆ తర్వాత చెప్పెటందుకు ఎవరూ దొరకక నా కొడుకు బిడ్డ మీద పడ్డ. దానికి మూడేండ్లు నిండకముందే ఒకటి నుంచి వందదాకా ఒప్పజెప్పించిన. ఇంటికి ఎవరొచ్చినా చాయ్ కంటే ముందు మనుమరాలి లెక్కలే వచ్చేటివి. ఒకనాడు వాళ్లమ్మ "ఐదు చెంచాలు పట్టుకరావే" అంటే, ఉన్న చెంచాలన్నీ ఊడ్చుకొచ్చి ముందట కుమ్మరించింది. మేమందరం నవ్వినం. అందరికంటే గట్టిగ నవ్వింది నేనే.

మా బిడ్డ ఉట్నూరు దిక్కు అంగన్‌వాడీ సూపర్‌వైజర్. ఆమె కింద పాతిక దాకా కేంద్రాలుంటయి, సగానికి సగం గోండు గూడేలల్లనే. పత్తి ఏరే కాలంల "బాపూ, ఒక్క వారం వచ్చి ఉండరాదే" అంటే పోయిన. పోయిన రాత్రే ఆమె బ్యాగుల 'ఆధారశిల' అనే పుస్తకం కనబడ్డది. మూడు నుంచి ఆరేండ్ల పిల్లల కోసం కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖ 2024ల తెచ్చిన పాఠ్య ప్రణాళిక అది. ఏడాదిల 48 వారాలు. మొదటి నాలుగు వారాలు పిల్లలు ఏడుపు మాని కుదురుకునేందుకు, ముప్పై ఆరు వారాలు ఆటపాటలకు, చివరి ఎనిమిది వారాలు చేసిందే మళ్ల చేసేందుకు. వారంల ఐదు దినాలు కొత్త ఆటలు, ఆరో దినం పాతవే తిరగేసుడు. కండ్లజోడు పెట్టుకొని మార్కుల పట్టిక కోసం వెతికిన. దొరకలేదు. "గిది సిలబసా, జాతర పత్రమా?" అన్న. బిడ్డ ఏమనలేదు, అన్నం పెట్టింది.

బీఎడ్‌ల ఫ్రోబెల్ మీద ఐదు పేజీల జవాబు రాసినోన్ని నేను. 1837ల జర్మనీల చిన్నపిల్లల ఆటల బడి పెట్టిండు, 1840ల దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిండు, అంటే పిల్లల తోట అని ముత్యాల్లాంటి అక్షరాలతోటి రాసి మంచి మార్కులు కొట్టిన. తోట అని ఎందుకన్నడో ఆ దినం కాదు, తర్వాత ముప్పై నాలుగేండ్లల్ల కూడా ఒక్కసారి ఆలోచించలేదు. మార్కులు పడ్డంక ఆలోచించెటందుకు ఏముంటది?

సోమవారం బిడ్డ బండి మీద ఒక గూడెం పోయినం. ఆ వారం ఆటలన్నీ చెట్లు, ఆకుల మీదనే. టీచరమ్మ గోండామెనే. పదిహేను మంది పిల్లలను తీసుకొని చెట్ల కిందికి పోయింది. మోదుగ ఆకు, టేకు ఆకు, తునికాకు ఏరిచ్చింది, వాసన చూపిచ్చింది, గోండిల ఒక మాట, తెలుగుల ఒక మాట చెప్పిచ్చింది. పొద్దంతా చెట్ల కిందనే పాయె. నా ప్రాణం గిలగిల కొట్టుకున్నది. గోడకు నల్లబోర్డున్నది, దాని మీద చాక్‌పీసు గీత ఒక్కటి లేదు.

మంగళవారం బిడ్డ మార్లవాయి చూపిచ్చింది. 1940ల జోడేఘాట్ దగ్గర కుమ్రం భీం నేలకొరిగినంక, గోండుల బాధలేందో తెలుసుకునెటందుకు నిజాం సర్కారు మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఈ అడవిలకు పంపింది. ఆయన మార్లవాయిల ఉండి, 1943ల గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టిచ్చిండు. పిల్లలకు మొదటి వాచకాలు నాగరి లిపిల గోండి మాటలతోనే అచ్చేసిండ్రు. బిడ్డ ఇదంతా చెప్తుంటే తలకాయ ఊపుకుంట ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి కాడ ఫొటో దిగిన. చరిత్ర మీద నాకు మస్తు గౌరవం.

బుధవారం మళ్ల అదే గూడెం. బిడ్డ పక్క గూడెం పోయింది. టీచరమ్మ ఒక బాలింత ఇంటిదాకా పోయొస్తనంటే, నేనున్న కదమ్మా, జెరసేపు చదువు చెప్త అన్న. సూపర్‌వైజరమ్మ తండ్రిని వద్దనే ధైర్యం ఎవరికుంటది? ఆయమ్మ పొయ్యి కాడ కోడిగుడ్లు ఉడకబెడుతున్నది.

పిల్లలను వరుసల కూసోబెట్టి బోర్డు మీద ఒకటి రాసి, 'ఒకటి' అనుమన్న. ఎవరూ అనలేదు. రెండు రాసిన. ఒకడు లేచి ఉచ్చకు పోయిండు. వాని వెనక ముగ్గురు పోయిండ్రు. మూలకు నాలుగేండ్ల పోరి ఒకతి నా దిక్కే చూస్తలేదు. ఆకులను పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరుసగ పేర్చింది. ఒక్కో ఆకు మీద ఒక్కో చింతగింజ పెట్టుకుంట ఏందో గొణుగుతున్నది. దగ్గరికి పోయి, "ఇవెన్నే?" అని అడిగిన. ఆ పిల్ల నన్ను చూసి, గింజలను చూసి మెల్లగ అన్నది: "ఉండి... రండ్..."

ఉండి రండి! ముసలోన్ని చూసి, జెర ఆగి రమ్మంటున్నది అనుకున్న. ఇంకోసారి అడిగిన. మళ్ల అదే మాట. కోపమొచ్చింది. గింజలన్నీ దోసిట్లకు ఊడ్చి డబ్బల పోసి మూతపెట్టిన. పోరి ఏడ్వలేదు. ఖాళీ ఆకుల దిక్కు చూసుకుంట కూసున్నది.

అంతటితోని ఆగితే ఈ ముచ్చట రాసే పని ఉండకపోవు. మధ్యాహ్నం ఆ పిల్లను తోల్కపోయెటందుకు వాళ్ల నానమ్మ వచ్చింది. "రాం రాం సారు" అని దండం పెట్టింది. నేను పెద్దమనిషి లెక్క గొంతు సవరించుకొని, "అవ్వా, పిల్లకు బుద్ధి జెర మందం ఉన్నట్టున్నది, డాక్టరుకు చూపియ్యి" అన్న. ఆయమ్మ ఆ మాటను గోండిల చెప్పింది. ముసలామె మొఖం చిన్నగైంది. తప్పు ఆమెదైనట్టు నాకే ఇంకోసారి దండం పెట్టి పోయింది.

సాయంత్రం బండి మీద వచ్చుకుంట ఈ ముచ్చటను నేనే నవ్వుకుంట చెప్పిన. బిడ్డ బండిని రోడ్డు పక్కకు ఆపింది.

"బాపూ, ఆ పోరి నిన్ను ఉండి రమ్మనలేదే. లెక్క పెట్టింది. ఉండి అంటే ఒకటి, రండ్ అంటే రెండు, మూండ్ అంటే మూడు."

తర్వాత ఇల్లు వచ్చేదాకా ఇద్దరం మాట్లాడలేదు. ఒక గుంపుల వస్తువులకూ ఇంకో గుంపుల వస్తువులకూ ఒకదానికొకటి జత కుదురుతే రెండిట్ల లెక్క సమానం అని సమితుల పాఠంల ఎన్ని బ్యాచులకు చెప్పిన్నో లెక్కలేదు. ఆ పోరి ఆకుల మీద గింజలు పెట్టుకుంట చేసింది అదే. పెద్ద, చిన్న వరుస పేర్చుడు కూడా లెక్కనే. నా మనుమరాలికి వందదాకా నోటికొస్తది, ఐదు చెంచాలు రావు. ఈ పిల్లకు ఐదు చేతిల ఉన్నది. ఆ చేతిల నుంచే నేను గుంజుకున్న. పైగా ముందటి దినమే మార్లవాయిల ఫొటో దిగొచ్చిన!

గురువారం, శుక్రవారం ఇంట్లనే కూసొని బిడ్డ దగ్గర గోండి లెక్క నేర్చుకున్న. మూండ్, నాలుంగ్ తేలికనే, మన మూడు, నాలుగుకు చుట్టాలు. ఐదు మాత్రం సయ్యుంగ్. దాని దగ్గర నాలుక తిరగలేదు. అక్కడిదాకనే నేర్చుకున్న. మిగిలినయి ఊహించుకుంటే సరిపోతది, లెక్కల సారుకు సూత్రం తెలిస్తే చాలదా!

శనివారం పాతవే తిరగేసే దినం. పిల్లలు సోమవారం ఏరిన ఆకులే వాడిపోయినయి ముందటేసుకొని మళ్ల గుంపులు చేస్తున్నరు. ఆ పోరి కూడా ఉన్నది. డబ్బ తెచ్చి దాని ముందట పెట్టి నేల మీద కూసున్న. ఒక్కో గింజ పెట్టుకుంట "ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సయ్యుంగ్" అన్న. పిల్లలంత మూగిండ్రు. ఆ ఊపుల నా సూత్రం బయటికొచ్చింది. నాలుగు నాలుంగ్ అయితే ఆరు ఏమైతది? "ఆరుంగ్!" అన్న.

పదిహేను మంది ఒక్కసారే విరగబడి నవ్విండ్రు. పోరి నా చేతిలకెళ్లి గింజ తీసుకొని, ఆకు మీద పెట్టి, "సారుంగ్" అన్నది. వెనకట ద్రవిడ భాషలల్ల ఐదుకు, ఆరుకు ముందట చకారం ఉండేదని భాషలు చదివినోళ్లు చెప్తరట. గోండిల అది సకారమై నిలిచింది, తెలుగుల మొత్తానికే రాలిపోయింది. రాలిపోయిన అక్షరాన్ని నాకు మళ్ల అందిచ్చిన పిల్ల బుద్ధినే మందం అన్న నేను.

నానమ్మ ఏదని ఆయమ్మను అడిగిన. తప్పైందని చెప్పుకుందామని. పత్తి ఏరబోయింది సారూ అన్నది. తర్వాత జెర ఆగి చెప్పింది. గురువారం మాత్రం పోలేదట. పెద్ద చదువు చదువుకున్న సారు చెప్పిండని ఆ దినం కూలి ఇడిసిపెట్టి, పిల్లను సంకనేసుకొని, బస్సెక్కి ఉట్నూరు దవాఖానకు పోయిందట. డాక్టరు ఏమడిగిండో, పోరి ఏ భాషల జవాబు చెప్పిందో ఆయమ్మకు తెల్వదు.