బావ శ్రుతి చేసుకుంటున్నాడు

గ్రీన్‌కార్డు చేతికొచ్చి, ఇంటి అప్పు సగానికి దిగి, పిల్ల తన గది తలుపు వేసుకోవడం మొదలెట్టాక, కాలిఫోర్నియాలో స్థిరపడ్డ తెలుగు మగవాడి ముందు మూడు దారులుంటాయి. మొదటిది మారథాన్. రెండోది పెరట్లో దొండపాదు. మూడోది వాయిద్యం. మొదటి దారిన పోయినవాళ్ల మోకాళ్లు పోతాయి, మనకేం నష్టం లేదు. రెండో దారిన పోయినవాళ్ల ఇంటినుంచి సంచీడు దొండకాయలొస్తాయి, మనకే లాభం. మూడో దారి పట్టినవాళ్లతోనే చిక్కంతా. మా బావ మూడో దారి పట్టాడు.

ఫ్రీమాంట్‌లో గిటారు కొన్నవాళ్లున్నారు, కీబోర్డు కొని దానిమీద ఇస్త్రీ బట్టలు పెట్టుకున్నవాళ్లున్నారు. వీళ్లందరిలోకీ ముదిరినవాడు చేత్తో చేసిన ఉకులేలే కొన్నవాడు. దుకాణంలో యాభై అరవై డాలర్లకి దొరికే ఉకులేలేని ఆయన చేత్తో కూడా ముట్టుకోడు. ‘ఫ్యాక్టరీ సరుకు’ అన్న మాటని బావ, వెనకటికి మా నాయనమ్మ ‘హోటలు కూడు’ అన్నట్టు అంటాడు.

నేర్చుకునే ముందు కొనాలి, కొనే ముందు తెలుసుకోవాలి. ఇదీ వీళ్ల పద్ధతి. బావ తెలుసుకోవడం మొదలెట్టిన కొన్నాళ్లకి, అడక్కుండానే మాక్కూడా అన్నీ తెలిసిపోయాయి. 1879 ఆగస్టులో రేవెన్స్‌క్రాగ్ అనే ఓడ మదీరా దీవి జనాన్ని చెరకుతోటల్లో పనికని హొనొలులులో దింపింది. దిగినవాళ్లలో నూనెస్, డయాస్, ఎస్పిరిటో శాంటో అని ముగ్గురు వడ్రంగులున్నారు. తమ దీవిలో వాయించుకునే బుల్లి గిటారుని వాళ్లు అక్కడి కోఆ చెక్కతో చెయ్యబోతే ఈ వాయిద్యం పుట్టింది. హవాయిని ఏలే కలకవా రాజుగారికి అది నచ్చి ఏకంగా ఆస్థానంలోకి తీసుకుపోయాడు. 1915లో మన పక్కనే శాన్‌ఫ్రాన్సిస్కోలో పనామా-పసిఫిక్ ఎగ్జిబిషన్ జరిగితే, అక్కడి హవాయి మంటపం దగ్గర విన్న జనం ఆ పిచ్చిని దేశమంతా మోసుకుపోయారు. ఆ మరుసటేడు మొదలెట్టిన కామాకా కుటుంబం హొనొలులులో ఈనాటికీ ఉకులేలేలు చేస్తూనే ఉంది.

ఇదంతా బావ భోజనాల దగ్గర చెబుతాడు. మనం లేచిపోకుండా చూసి మరీ చెబుతాడు. కలకవా 1881లో ప్రపంచయాత్రకి బయల్దేరి కలకత్తా, బొంబాయి కూడా చూశాడని చెప్పిన రోజున మాత్రం, విజయనగరం నుంచి చుట్టపుచూపుగా వచ్చి ఉన్న మా నాన్నగారు పేపరు దించి, “మన ఊరు రాలేదా బాబూ?” అనడిగారు.

బావ ఆర్డరిచ్చింది హవాయిలో ఒంటరిగా కూర్చుని ఏడాదికి ఏ కొన్నో మాత్రమే చేసే ఒక పెద్దమనిషికి. వరసలో పేరు రాయించుకుని ఏడాది పైన ఎదురుచూడాలి. బావలాంటివాళ్లకి జీవితంలో ఇంతకన్నా మంచికాలం రాదు. వాయిద్యం తనదే, వాయించనక్కర్లేదు. నెలకో రెండు నెలలకో ఫొటోలొచ్చేవి. ఒకే పలకని మధ్యకి చీల్చి, చారలు ఎదురెదురుగా కుదిరేలా అతికించిన ఫొటో. పక్కచెక్కల్ని తడిపి, కాలిన గొట్టం మీద ఒత్తి నడుం వంపు తెస్తున్న ఫొటో. రెండు మిల్లీమీటర్లకి మించని ఆ పైపలక తీగల లాగుడుకి కుంగకుండా లోపల సన్నబద్దలు అతికించిన ఫొటో. కూతురి బడి ఫొటోలు ఎక్కడున్నాయో చెప్పలేని మనిషి వీటిని మాత్రం తేదీల వారీగా దాచాడు. “బద్ద మందం పావు మిల్లీమీటరు తగ్గిస్తే నాదం మారిపోతుంది తెలుసా?” అనేవాడు. నాకెలా తెలుస్తుంది? ఆ మాటకొస్తే బావకి మాత్రం ఎలా తెలుసు?

పెట్టె వచ్చింది. వెంటనే విప్పకూడదట. చెక్క ఈ ఊరి గాలికి అలవాటు పడాలి. ఒక రాత్రంతా అది హాల్లో ఉంది, మేం దాని చుట్టూ తిరిగాం. తెల్లారాక బావ స్నానం చేసొచ్చి విప్పాడు. నిజం చెప్పొద్దూ, వస్తువు అందంగా ఉంది. వెలుగులో అటూ ఇటూ తిప్పుతుంటే లోపల చారలు కదులుతున్నట్టే కనిపించాయి. నాన్నగారు వేలిమడతతో పలకమీద రెండుసార్లు తట్టి, చెవి ఆనించారు.

“ఏం చెక్క బాబూ?”

“కోఆ అండీ మావయ్యగారూ. హవాయిలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా తనంతట తాను మొలవదు.”

నాన్నగారు అటవీశాఖలో రేంజరుగా రిటైరయ్యారు. చెట్టు విషయం సగంలో వదిలేసే మనిషి కాదు. శాస్త్రీయ నామం చూపించమన్నారు. బావ ఫోనులో చూపించాడు. ఆకేసియా కోఆ.

“ఆకేసియానా? అంటే తుమ్మ.”

“తుమ్మ కాదండీ...”

“రోడ్ల పక్కన ఆస్ట్రేలియా తుమ్మ లేదూ? దాని పేరు ఆకేసియా ఆరిక్యులిఫార్మిస్. మా సర్వీసులో ఎన్ని మొక్కలు నాటించానో నాకే లెక్కలేదు. ఇది దానికి వరసకి అన్నదమ్ముడు. పలక మంచిదే, కాదనను. ఎంతయింది?”

బావ చెప్పలేదు. అక్క చెప్పింది.

నాన్నగారు కాసేపు ఏమీ అనలేదు. తరవాత మెల్లిగా, “మన బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒక్క పనసమొద్దునే తొలిచి వీణ చేస్తారు. కుండ, దండి అంతా ఒకే చెక్క. ఈ డబ్బు పట్టుకెళితే ఆ ఊళ్లో మీకు కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు. ఇంతకీ ఆ వడ్రంగి ఏ ఊరివాడు?” అన్నారు.

“ఆయన వడ్రంగి కాదండీ. కళాకారుడు.”

“ముగ్గురు వడ్రంగులు ఓడ దిగారని మీరేగా చెప్పారు. కలపకి పర్మిట్టు ఉందా?”

చేసినాయన సంతకం, వరస నంబరు ఉన్న కాగితం బావ గర్వంగా తెచ్చిచ్చాడు. నాన్నగారు దాన్ని తిరగేసి మరగేసి చూసి, “ముద్ర లేదు” అని తిరిగిచ్చేశారు.

ఆ తరవాత ఇంట్లో గాలి మారింది. మాటవరసకి కాదు, నిజంగానే మారింది. చెక్క పగలకుండా ఉండాలంటే తేమ నలభై అయిదు నుంచి యాభై అయిదు శాతం మధ్య ఉండాలి. అందుకు పెట్టెలో ఒక తేమమీటరు, ఒక తడి స్పాంజి. చలికాలం హీటరు వేస్తే గాలి ఎండిపోతుంది కాబట్టి ఆ గదిలో హీటరు బంద్. ఆఫీసు మీటింగు మధ్యలో లేచివెళ్లి మీటరు చూసొస్తాడు. చలికి తట్టుకోలేదని అక్క పెరట్లోంచి లోపలికి తెచ్చుకున్న కరివేపాకు మొక్క అదే గదిలో, ఆ పెట్టె పక్కనే ఎండిపోయింది. దానికి మీటరు లేదు.

ఇక వాయించడం. కొత్త తీగలు కొన్నాళ్లపాటు సాగుతూనే ఉంటాయి, సాగినప్పుడల్లా శ్రుతి దిగుతుంది. అందుకని మొదట్లో బావ వాయించినదానికన్నా బిగించినదే ఎక్కువ. తీగలు కుదురుకున్నాయి గానీ బావ కుదురుకోలేదు. ఉకులేలే తలమీద తగిలించిన చిన్న యంత్రంలో పచ్చదీపం వెలిగేదాకా మరలు తిప్పుతాడు, వెలిగాక ఇంకొంచెం తిప్పుతాడు. ఫోను చేసి “బావేం చేస్తున్నాడే?” అంటే అక్క దగ్గర ఒకటే జవాబు: “శ్రుతి చేసుకుంటున్నాడు.”

మా అమ్మ పెళ్లికి ముందు కొంతకాలం వీణ నేర్చుకుంది. ఉకులేలేకి తీగలు నాలుగు. సి ని షడ్జమం అనుకుంటే వరసగా ప, స, గ, ద. రిషభం ఒక్కటీ పెట్టుకుంటే మోహనరాగం చేతికొచ్చినట్టే. ఒక సాయంత్రం బావ కళ్లు మూసుకుని చాలాసేపు వాయించి, “ఎలా ఉందండీ అత్తయ్యగారూ?” అనడిగాడు. అమ్మ అబద్ధం చెప్పలేదు, అల్లుణ్ని నొప్పించనూ లేదు. “ఖాళీ తీగలు మీటినప్పుడు మోహన ఛాయ బాగా పలుకుతోంది అల్లుడుగారూ. మీరు ఎడమచెయ్యి పెట్టినప్పుడే...” అని ఆగి, “కాఫీ కలపనా?” అంది.

ఎడమచేతి సంగతి చెప్పాలి. సి కార్డుకి ఒక్క వేలు చాలు, అడుగుతీగ మీద మూడో మెట్టు దగ్గర. అది మొదటి రోజే వచ్చేసింది. ఎ మైనరుకీ ఒక్క వేలే. ఎఫ్‌కి రెండు, జి సెవెన్‌కి మూడు. ఈ నాలుగింటితో లోకంలో సగం పాటలు వాయించొచ్చని బావ లెక్క. మిగతా సగంలో మా ఇంటి పాటలన్నీ ఉన్నాయి. అక్క శ్రుతి అయిదు. అంటే జి. సి శ్రుతిలో పాడమంటే ఆమె గొంతు కింద ఆనదు, పైన అందదు. జి లో పాడితే డి కార్డు తప్పదు. డి కార్డంటే మూడు వేళ్లు మూడు తీగల మీద, మూడూ రెండో మెట్టులోనే. ఆ సందు బొటనవేలంత లేదు. బావవి ఒడ్డూ పొడుగూ ఉన్న వేళ్లు. ముందు చూపుడువేలు దిగుతుంది. మధ్యవేలు దాన్ని పక్కకి నెడుతుంది. ఉంగరంవేలు చోటులేక పైకి లేచి, తల ఒంచి మళ్లీ దిగుతుంది. ఈలోగా చూపుడువేలు జారుతుంది. మూడూ సర్దుకునేదాకా కుడిచెయ్యి గాల్లోనే ఉంటుంది.

అయినా మానలేదు, అది మెచ్చుకోవాలి. శనివారం సాయంత్రాలు నలుగురు స్నేహితురాళ్లు చేరి అక్కతో కలిసి పాటలు పాడుకుని, చివర్లో మంగళహారతి పాడతారు. దానికి బావ వాయిస్తాడు. పల్లవిలో రెండో పాదం చివర డి కార్డు. అక్కడికి రాగానే పాట ఆగుతుంది. అక్క చేతిలో పళ్లెం పట్టుకుని ఓపిగ్గా చూస్తుంది. మిగతావాళ్లు బావ వేళ్లకేసి చూస్తారు. కార్డు పడుతుంది, పాట సాగుతుంది. వాయించే మనిషి కష్టపడుతుంటే తోసుకుపోవడం మర్యాద కాదని అందరూ ఆగడం మొదలెట్టారు. పోగాపోగా అదే తాళమైపోయింది.

మొన్న మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. బావ ఆఫీసు పనిమీద టెక్సాస్ వెళ్లాడు, ఉకులేలే వాళ్లింట్లో పెట్టెలో ఉంది. హారతివేళ అక్కా, స్నేహితురాళ్లూ కలిసి ఎత్తుకున్నారు. రెండో పాదం చివరికొచ్చి, అందరూ ఒక్కసారే ఆగిపోయారు. పురోహితులుగారు ఒక క్షణం చూశారు. పాట అయిపోయిందనుకుని గంట వాయించి, “కర్పూరం కళ్లకద్దుకోండమ్మా” అనేశారు. ఇంకా మూడు చరణాలున్నాయని అక్క చెప్పేలోపే ఆయన పంచె సర్దుకుని కారు తాళాలు తీసుకున్నారు. డబ్లిన్‌లో పదకొండింటికి ఇంకో వ్రతం ఉందట.