పెరిగే వయసు

మా నాన్నకు మా కొలతలు ఎప్పుడూ తెలియవు. మాకు రాబోయే కొలతలు మాత్రం కచ్చితంగా తెలుసు. టైలరు నా ఛాతీ చుట్టూ టేపు తిప్పి "ఇరవై ఆరు" అంటే, నాన్న పక్కనుంచి "ముప్ఫై రాసుకోండి మాస్టారూ, పెరిగే వయసు" అనేవారు. నిక్కరు అంచు లోపల నాలుగంగుళాల మడత అదనం. ఏడాదికో వరుస విప్పేవాళ్ళు. విప్పినచోట బట్ట అసలు రంగు బయటపడి, వెలిసిన నిక్కరుకు అడుగున ముదురు నీలం పట్టీ ఒకటి తేలేది. మానులో వలయాలు లెక్కపెట్టి చెట్టు వయసు చెప్పినట్టు, ఆ పట్టీలు లెక్కపెట్టి నేను ఏ క్లాసో చెప్పేయొచ్చు.

మొదటి ఏడాది ఆ చొక్కాలో నేనెక్కడున్నానో వెతుక్కోవాల్సి వచ్చేది. రెండో ఏడాదికి చేతివేళ్ళు బయటికొచ్చేవి. మూడో ఏడాది అచ్చంగా సరిపోయేది. సరిపోయిందని తెలిసిన రోజే అది తమ్ముడికి వెళ్ళిపోయేది. వాడిది పెరిగే వయసు కదా! అలా సరిపోయే చొక్కా అంటే ఏమిటో తెలియకుండానే నేను పదో తరగతి గట్టెక్కాను.

ఇక సంక్రాంతికి ఇంటిల్లిపాదికీ ఒకటే తాను. మాకూ, బాబాయి పిల్లలకూ చొక్కాలు కుట్టించగా మిగిలింది దిండు గలీబులకు. ఆనాటి ఫొటో ఒకటి ఇంకా ఉంది. అందులో అయిదుగురు పిల్లలమూ, రెండు దిండ్లూ ఒకే ఆకుపచ్చ గళ్ళలో ఉన్నాం.

ఇదంతా డబ్బుల్లేక చేసిన పని అనుకున్నాను ఇన్నాళ్ళూ. మొన్న మా అమ్మాయి 799 రూపాయలు పోసి ఒక టీషర్టు తెచ్చుకుంది. దాని భుజం కుట్టు మోచేతికి కాస్త పైన ఉంది. "సైజు మార్పించుకు రామ్మా, పాపం ఎవరో తెలియక ఇచ్చినట్టున్నారు" అన్నాను. "ఓవర్‌సైజ్ నాన్నా! కావాలనే అలా ఉంటుంది. ట్రెండు" అంది. ఇంటిల్లిపాదీ ఒకే బట్ట వేసుకుని పెళ్ళిలో దిగితే ట్విన్నింగ్ అట. ఒకరు వాడినది ఇంకొకరు తొడుక్కుంటే థ్రిఫ్టింగ్ అట. అంటే మా నాన్న నలభై ఏళ్ళ ముందే పుట్టిన ఫ్యాషన్ డిజైనరన్నమాట. పాపం, మమ్మల్ని చూసి చప్పట్లు కొట్టాల్సిన జనం అప్పటికింకా పుట్టలేదు.

వంశంలో ఇంత విద్య ఉంది కదా అన్న ధీమాతో, శ్రావణంలో మా మేనల్లుడి పెళ్ళికి నా చొక్కా నేనే కొనుక్కుంటానని ఇంట్లో ప్రకటించాను. కావలసింది ఒక చొక్కా. బడ్జెట్టు పదిహేను వందలు. నడుస్తున్నది ఆషాఢం.

బెజవాడలో ఆషాఢం వచ్చిందని పంచాంగం చూడక్కర్లేదు, బట్టల షాపుల ఫ్లెక్సీలు చూస్తే చాలు. ఈ నెలలో ముహూర్తాలుండవు. ముహూర్తాలు లేకపోతే కొనేవాళ్ళుండరు. శ్రావణం వచ్చేసరికి పెళ్ళిళ్ళకూ, వరలక్ష్మీ వ్రతాలకూ కొత్త సరుకు దింపాలి, దానికి బీరువాలు ఖాళీ కావాలి. అందుకని ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింటికి, పాత స్టాకు మనింటికి చేరతాయి.

నేను వెళ్ళిన ఏసీ షాపులో "రెండు కొంటే మూడు ఉచితం" అని బోర్డు. ఒక్కోటి 1,499. ఆ ఒక్క రూపాయి తగ్గింపును మనవాళ్ళు బాటా రేటు అంటారు. 999కి అయితే ఇంకో మర్యాద కూడా ఉండేది. జీఎస్టీలో వెయ్యి లోపు బట్టలకు 5 శాతం, దాటితే 12 శాతం పన్ను పడేది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ గీత 2,500 దగ్గరికి జరిగింది, అది దాటితే 18. అంటే 999కి ఉన్న పరువు 2,499కి బదిలీ అయింది. ఇంత లెక్క తెలిసినవాణ్ణి నన్నెవడు మోసం చేస్తాడులే అనుకుంటూ రెండు చొక్కాలు తీసుకున్నాను. 2,998 రూపాయలు. ఉచితం వాటికి వేరే గుట్ట చూపించారు. ఆ గుట్టలో 36 సైజు, 44 సైజు తప్ప ఇంకేం లేవు. నాది 40. ఉచితంగా ఇస్తుంటే సైజు అడగడం సంస్కారం కాదని రెండు నలభై నాలుగులు, ఒక ముప్ఫై ఆరు పట్టుకొచ్చాను.

"చొక్కా ఆరు వందలు కూడా పడలేదు, తెలుసా?" అన్నాను గుమ్మంలోనే.

మా ఆవిడ సంచీ లోపలికి చూసింది. "మీకు కావలసింది ఒకటి. కొన్నది రెండు. వచ్చినవి అయిదు. వేసుకోగలిగేవి ఎన్నండీ?"

"రెండు."

"ఉండండి, అదీ చూద్దాం" అని నేను కొన్న చొక్కా లోపలి కుట్టులోంచి ఒక పోగు లాగి, వంటింట్లోకి తీసుకెళ్ళి పొయ్యి మంటకు చూపించింది. నూలు పోగయితే కాగితంలా కాలి, వేలితో నలిపితే బూడిదవుతుంది. నాది ముడుచుకుపోయి, కరిగి, ఆవగింజంత నల్లటి పూసై గట్టిపడింది. "పాలిస్టరు. విజయవాడ పెళ్ళి మండపంలో, హోమగుండం పక్కన మేనమామ హోదాలో కూర్చుంటారు దీంతో" అంది. పోగు గతి చూశాక నాకు ఉక్కపోత అప్పుడే మొదలైంది.

మర్నాడు నన్ను మంగళగిరిలో ఒక బట్టల కొట్టుకు తీసుకెళ్ళింది. బస్సెక్కితే ఎంతోసేపు పట్టదు. కొండ మీద పానకాల స్వామి పోసిన పానకంలో సగం తాగి సగం ప్రసాదంగా వదిలేస్తాడని నమ్మకం. మా ఆవిడ బీసెంట్ రోడ్డులో చేసే బేరానికి స్వామివారే గురువు. చెప్పిన రేటులో సగం తను ఉంచుకుని, సగం వాళ్ళకు వదులుతుంది. ఇక్కడా అదే జరుగుతుందని పక్కకు తిరిగి నిలబడ్డాను. ఆ కొట్టు వెనకే మగ్గం ఉంది. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న పెద్దాయన పలకలు తొక్కుతూ నాడె విసురుతున్నాడు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. మేమున్న పావుగంటలో బట్ట జానెడైనా ముందుకు జరిగినట్టు లేదు. మా ఆవిడ చాలాసేపు చూసింది. మీటరు రెండు వందల యాభై అంటే, "రెండున్నర మీటర్లు చింపండి" అంది, అంతే. పెళ్ళయిన పాతికేళ్ళలో కొట్టువాళ్ళు చెప్పిన రేటుకే ఆవిడ కొనడం చూడటం అదే మొదలు. దారిలో అడిగితే, "ఆ మనిషి ముందు నోరెలా వస్తుందండీ!" అంది.

625 రూపాయల ఆ బట్టను ముందు రాత్రంతా బకెట్లో నానబెట్టింది. కుట్టించాక ముడుచుకునే బదులు, కుట్టించక ముందే ముడుచుకుంటుంది కదా అని. ఆరాక, మా వీధి చివర మెషిన్ వేసుకున్న మాస్టారి దగ్గరికి పంపించింది. పనిలో పనిగా ఉచితం చొక్కాలు కూడా పట్టుకెళ్ళాను.

మాస్టారు నలభై నాలుగును నాకు తొడిగి, చుట్టూ తిరిగి, నిట్టూర్చాడు. "పొడుగు తగ్గించొచ్చు సార్. పక్కలు తియ్యొచ్చు. చేతులు మడవొచ్చు. భుజం జారితే మాత్రం బ్రహ్మ కూడా ఏం చెయ్యలేడు. రెడీమేడ్ కొనేటప్పుడు భుజం ఒక్కటి చూసుకోండి. కుట్టు సరిగ్గా ఎముక మీద కూర్చోవాలి. మిగతాది మేం చూసుకుంటాం." బట్టల గురించి నాకు ఇంతకన్నా పనికొచ్చే మాట ఎవరూ చెప్పలేదు. కుట్టుకూలి నాలుగు వందలు. మొత్తం 1,025. బడ్జెట్టులో ఇంకా 475 మిగిలాయని నేను సంతోషించబోతే, మా ఆవిడ ఆ 2,998 గుర్తుచేసింది.

పెళ్ళిలో ఆ చొక్కా వేసుకుని మండపమంతా మూడు చుట్లు తిరిగాను. ఎక్కడ కొన్నావని ఎవరైనా అడుగుతారని ఆశ. ఒక్కరూ అడగలేదు. మా పెద్దక్క మాత్రం చెయ్యి పట్టుకుని ఆపి, పైనుంచి కిందికి చూసి, "ఏంట్రా ఇంత చిక్కిపోయావు? షుగరేమైనా వచ్చిందా?" అంది కళ్ళనీళ్ళతో. తర్వాత బాబాయి అడిగారు. భోజనాల దగ్గర వియ్యాలవారు కూడా అడిగి, మెంతులు నానబెట్టుకు తాగమన్నారు. నేను ఒక్క గ్రాము తగ్గలేదు. యాభై ఏళ్ళలో మొదటిసారి నా కొలతకు చొక్కా కుట్టించుకున్నాను, అంతే. ఇన్నేళ్ళూ వాళ్ళు చూసింది నన్నూ, నాతోపాటు అదనపు బట్టనూ.

నలభై నాలుగులు రెండూ మా అమ్మాయి పట్టుకుపోయింది. ఓవర్‌సైజ్ కదా! కాలేజీలో అడిగినవాళ్ళకు నాన్న సెలెక్షన్ అని చెప్పిందట. ముప్ఫై ఆరును పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడకు వేస్తే, అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచి, ఒక గరిటె ఇచ్చింది. కొన్న రెండూ రైతుబజారుకు వేసుకెళ్తున్నాను.

మొన్న మళ్ళీ మంగళగిరి బట్ట తీసుకుని మాస్టారి దగ్గరికెళ్ళాను. పెళ్ళి భోజనాలు, ఆపైన శ్రావణం పూర్ణాలు అన్నీ అయ్యాయి. ఆయన నడుం చుట్టూ టేపు తిప్పి, అంకె పైకి చదవకుండానే రాసుకుని, మర్యాదగా గొంతు తగ్గించాడు.

"పక్కల లోపల ఒక అంగుళం మడత వదలమంటారా సార్?"

"రెండు వదలండి మాస్టారూ. పెరిగే వయసు."