నారింజాయన సాకులు

నెల్లూరు జిల్లా బోగోలు, బిట్రగుంట వైపు పెరళ్ళున్న వీధికి ఒక్క నారింజాయనైనా ఉంటాడు. వయసు అరవై దాటి ఉంటుంది, పింఛను వస్తుంటుంది, నీళ్ళతొట్టి పక్కన పుల్ల నారింజ చెట్టు ఒకటి ఉంటుంది. ధనుర్మాసం వచ్చేసరికి ఆయన చేతికి గుడ్డసంచి మొలుస్తుంది. "రెండు కాయలు తెచ్చానమ్మాయ్, పులిహోర కలుపుకోండి" అంటాడు. ఆయన లెక్కలో రెండంటే పన్నెండు. వద్దన్నవాళ్ళ గేటుకి సంచి తగిలించి పోతాడు. కాయలు చూడ్డానికి కమలాపండ్లంత ముచ్చటగా ఉంటాయి. తెలియని పిల్లలు ఒకసారి ఒలుచుకుంటారు, రెండోసారి ఆ జోలికి పోరు. వీధిలో సగంమంది ఆయన్ని పిసినారి అంటారు, ఏదీ పారేయలేడని. మిగతా సగం ధర్మాత్ముడంటారు, ఉన్నది పంచుతాడని. రెండూ కావని నా వాదన. ఆయన కాయకి ఉపయోగాలు వెతకడం లేదు, చెట్టుని ఉంచుకోవడానికి సాకులు పోగేస్తున్నాడు.

ముందు చెట్టు సంగతి. చాలా పెరళ్ళలో మొదట నాటింది పుల్లకాయ కాదు, బత్తాయి. మన రాష్ట్రంలో సాత్‌గుడి బత్తాయిని రంగపూర్ నిమ్మ మీదో జంబేరి మీదో అంటుకడతారు. అంటు కింద నుంచి లేచే పిలకల్ని ఎప్పటికప్పుడు గిల్లెయ్యాలి. గిల్లకపోతే పిలకలు ఏపుగా ఎదిగి, పైన కట్టిన బత్తాయి నీరసించి పోతుంది, కింద ఉన్న వేరుమూలమే చెట్టవుతుంది. రంగపూర్ నిమ్మ పేరుకే నిమ్మ. కాయ నారింజ రంగులో ఉంటుంది, తొక్క సులువుగా వచ్చేస్తుంది, రసానికి పళ్ళు పులిసిపోతాయి. కొందరి పెరట్లో ఉన్నది అసలు సిసలు పుల్ల నారింజే కావచ్చు. అది పంపరపనసకీ కమలాకీ పుట్టిన సంకరం, దానికి పులుపుతోపాటు చేదు కూడా. సంకరం సంగతి ఎట్లా ఉన్నా, అంటు పోయిన ఇంట్లో యజమాని గుణం అక్కడే తెలిసిపోతుంది. పచ్చగా చిగురేస్తున్నదాన్ని గిల్లడానికి చెయ్యి రాని మనిషి ఆయన. మిగతా కథంతా ఆ గిల్లని పిలకలోంచి వచ్చిందే.

పిసినారి అనేవాళ్ళకి నిమ్మకాయే సమాధానం చెబుతుంది. ఇది నిమ్మ పండే సీమ. పొదలకూరులోనూ, గూడూరులోనూ పెద్ద నిమ్మ మార్కెట్లున్నాయి. ఇక్కడ పులుపుకి కరువు రావడం అరుదు. వచ్చిన నెల ఒకటుంది: 2022 ఏప్రిల్‌లో దేశంలో చాలాచోట్ల నిమ్మ ధర కిలో రెండొందలు దాటింది. నారింజాయనకి అంతకంటే మంచి ముహూర్తం మళ్ళీ రాదు. కానీ ఆయన చెట్టు విరగకాసేది చలికాలంలో, నిమ్మకాయని అడిగే దిక్కులేని రోజుల్లో. ఏప్రిల్‌లో కొమ్మల మీద పిందెలుంటాయి. ఇక ఖర్చు చూడండి. సర్బత్ చేస్తే పంచదార చెంచా ఆగదు. మార్మలేడ్ అనే జామ్ చేస్తే (స్కాట్లండులోని డండీ పట్టణంలో కీలర్ కుటుంబం 1797లోనే దీంతో వ్యాపారం మొదలుపెట్టింది, ఈ ముక్క నారింజాయన చెప్పకుండా వదలడు) పాత పద్ధతిలో కిలో కాయలకి రెండు కిలోల పంచదార పడుతుంది. ఊరికే వచ్చిన కిలో కాయల్ని నిలబెట్టడానికి రెండు కిలోల పంచదార, గంటల తరబడి గ్యాసు ధారపోసేవాణ్ణి పిసినారి అనడం పిసినారులకే అవమానం.

ఉపయోగాలు నిజంగా ఉన్నాయి కదా, వాటిని సాకులంటావేం అని అడగొచ్చు. ఉన్నాయి, ఒప్పుకుంటాను. ఈ కాయ దగ్గర పంచదారకంటే ఉప్పుకి పలుకుబడి ఎక్కువ. ఉప్పు చేదుని అణిచి మిగతా రుచుల్ని పైకి తెస్తుందని బ్రెస్లిన్, బోషాం అనే శాస్త్రవేత్తలు 1997లో నేచర్ పత్రికలో రాశారు. దబ్బకాయ ఊరగాయ పెట్టే అవ్వలు ఆ పత్రిక తెప్పించుకోలేదు గానీ, ముక్కల్ని ఉప్పులో ఊరేసి ఎండబెట్టే పని అంతకుముందు నుంచే చేస్తున్నారు. పుల్ల నారింజ ఆ దారిలో పెడితే మంచి ఊరగాయే అవుతుంది. జువ్వలదిన్నె నుంచి వచ్చిన చేపకి ఉప్పూ ఈ రసమూ పట్టించి కడిగితే నీచు వాసన పోతుంది. ఎండిన తొక్క సున్నిపిండిలోకి, పిండిన డొప్ప రాగి చెంబు తోమడానికి. పులిహోరకైతే చెప్పనక్కర్లేదు. కానీ పేచీ ఇక్కడుంది: నలుగురి పులిహోరకి ఒకటో రెండో కాయలు చాలు, చెట్టు మీద ఉన్నవి వందలు. వీధంతా పులిహోర తిన్నా, ఊళ్ళో రాగి చెంబులన్నీ తళతళలాడినా చెట్టు బరువు తగ్గదు. ఆయనకి ఆ లెక్క తెలుసు. అందుకే మూడు పాళ్ళు తొక్క, ఒక పాలు బెల్లం, పది పాళ్ళు నీళ్ళు కలిపి మూడు నెలలు పులియబెట్టి, నేల తుడిచే ద్రవం అంటాడు. ఆ డబ్బా మూత రోజూ కాస్త వదులు చేయకపోతే గ్యాసు పట్టి ఒక రాత్రి పేలుతుంది, పక్కింటివాళ్ళు లేచి కూర్చుంటారు. స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో వీధుల్లో రాలిన పుల్ల నారింజలతో 2021లో కరెంటు తీసే ప్రయత్నం మొదలైంది; వెయ్యి కిలోలకి యాభై యూనిట్లు వస్తాయన్నారు. నారింజాయన ఆ వార్తని అమెరికాలో ఉన్న చుట్టాలకి కూడా వాట్సాప్ చేస్తాడు. చెట్టు యాభై కిలోలు కాసిందనుకున్నా వచ్చేది రెండున్నర యూనిట్లు, ఒక పాతకాలపు సీలింగ్ ఫ్యాను ఒకటిన్నర రోజైనా తిరగదు. ఉపయోగమే కావలసినవాడు పులిహోర దగ్గర ఆగేవాడు. కరెంటు దాకా పోయేది సాకు కావలసినవాడే.

దానగుణం అనేవాళ్ళు ఆయన మామిడిచెట్టు వైపు చూడాలి. దాని కాయలు లెక్కలో ఉంటాయి, పిల్లల రాళ్ళకి కాపలా ఉంటుంది. ఎవరికీ అక్కర్లేనిది ఇస్తే దానం కాదు, బరువు దించుకోవడం. పైగా ఇచ్చిన గిన్నెని ఖాళీగా తిప్పి పంపే అలవాటు మనకి లేదు కాబట్టి, వీధివాళ్ళు ఆయన కాయల్నే ఊరగాయ చేసి ఆయనకే పంపుతారు; ఆయన నాలిక్కి రాసుకుని "ఉప్పు చాల్లేదబ్బా" అంటాడు. ఈ రసం బీపీకి మంచిదని ఆయన చెప్పడం ఒక్కటి మాత్రం నవ్వి వదిలేసేది కాదు. సెవిల్ రకం పుల్ల నారింజ రసం ఫెలోడిపిన్ అనే బీపీ మందు రక్తంలో ఉండాల్సినదానికంటే పెరిగేలా చేస్తుందని పరిశోధనల్లో తేలింది. మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా గ్లాసులు ఎత్తకూడదు. నారింజాయన తను ఎత్తడు, అదీ గమనించాలి.

తోటపని తెలిసినవాళ్ళ అభ్యంతరం అన్నిటికంటే గట్టిది. అది అంటు పోయిన వేరుమూలమే అయితే, దాని మీద మళ్ళీ బత్తాయి మొగ్గ కట్టొచ్చు. పని తెలిసిన చేతికి అది ఒక పూట పని; చెట్టు బతుకుతుంది, కాయ తియ్యనవుతుంది, అందరి పీడా విరగడవుతుంది. చెట్టు మీద ప్రేమే అయితే ఇంతకంటే ఏం కావాలి అంటారు. నారింజాయన వెంటనే ఒప్పుకుంటాడు. అప్పుడు చెట్టు పూత మీద ఉంటుంది, ఇంత వాసనలో కత్తి పెట్టకూడదు. తర్వాత పిందె మీద ఉంటుంది. తర్వాత ఆకుల మీద పిట్టరెట్టలా కనిపించే గొంగళిపురుగులు ఉంటాయి, అవి నలుపూ లేతపసుపూ సీతాకోకచిలుకలై పోయేదాకా ఆగాలి. తర్వాత కాపు. ఇదే నాకు దొరికిన అసలైన సాక్ష్యం: ఆయనకి కావలసింది తియ్యటి చెట్టు కాదు, ఈ చెట్టే. బిట్రగుంట ఒకప్పుడు స్టీమ్ ఇంజన్ల లోకోషెడ్డుతో వెలిగిన రైల్వే ఊరు. ఆ ఇంజన్లు పోయాయి, వాటితో కళా పోయింది. పని పోయినవాటి మధ్య వయసు మళ్ళిన మనిషికి, పనికిరానిదాన్ని తీసెయ్యి అన్న మాట ఎంత న్యాయంగా ఉన్నా చెవికెక్కదు.

ఇంతకీ ఆ చెట్టుని కొట్టమన్నదెవరు? విచారిస్తే ఎవరూ లేరు. ఇంటావిడ అనలేదు, ఆమెకి ఆ నీడలో అంట్లు తోముకోవడం సుఖం. పక్కింటివాళ్ళు డబ్బా పేలినప్పుడు కూడా డబ్బానే తిట్టారు. కొట్టమనేది ఆయన లోపలి గుమాస్తా ఒక్కడే. ఉద్యోగమంతా ప్రతి రూపాయికీ పద్దు రాసి, ప్రతి వస్తువుకీ కారణం చూపించి బతికిన ప్రాణం, ఇష్టం అన్న ఒక్క మాట పద్దులో రాసుకోలేక సున్నిపిండి, ఊరగాయ, కరెంటు అని రాస్తున్నది. ఇంటావిడ మాత్రం ఇవేవీ పట్టించుకోదు. ఆమె పేచీ అంతా మొన్న కొన్న పంచదార ఏమైందనే.